రెండు కుచ్చులు

హిందూపురంలో కళ్ల డాక్టరు ఉన్నిదారాల పెట్టె మూత మూసిన చోట పోయినవారం సంచికలో ఆగాం. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. సిగ్నళ్లు చూసేవాళ్ల కళ్లను పరీక్షించడానికి వాడిన పెట్టె అది. అందులోని దారపు ముక్కలను రంగుల వారీగా పేర్చమన్నాడు. పేర్చాను. ఆయన చాలాసేపు చూసి, నేను పెట్టిన నీలాల కుప్పలోంచి ఆరు పచ్చ ముక్కలు ఏరి నా ముందు వరసగా పెట్టాడు. "షుగరు మీ కంటి వెనక్కి పోయింది. నీలం, పచ్చ మీకు ఒకటే అయిపోయినాయి. ఎరుపు ఇంకా ఉండాది. ఎన్నాళ్లుంటాదో నేను చెప్పలేను," అన్నాడు. ఏం పని చేస్తారని అడిగితే కిరాణా అంగడి అని చెప్పాను.

ధర్మవరంలో పట్టుకు రంగులద్దే కార్ఖానా నాది. నాయన పెట్టింది, నేను ముప్పై ఏళ్లుగా నడుపుతున్నది. తిరుగు బస్సు పెనుకొండ దాటాక ఒక సంగతి తట్టింది. ఆ ఏడాదిలో నేను ఇద్దరు పార్టీలను వదులుకున్నాను. చెన్నేకొత్తపల్లి పుల్లన్న పట్టు ఆలస్యంగా పంపుతాడని. ఈరక్క నా వెనక మాటలంటుందని. రెండు కారణాలూ నిజమే, ఎవరడిగినా తడుముకోకుండా చెప్పగలను. కానీ పుల్లన్నవి చిలకపచ్చలు, ఈరక్కవి ఆకాశనీలాలు. నా నోరు కారణాలు చెబుతూ ఉండగా లోపల ఇంకెవరో కూర్చుని రంగులను ఏరి అవతల పారేస్తున్నారు. ఆ మనిషి నాకంటే ముందే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినట్టుంది.

బస్సు దిగేలోపల తీర్మానించుకున్నాను. ఇకమీద ఎరుపులు మాత్రమే. హిందూపురం మారప్పకు ఇరవై మరమగ్గాలున్నాయి. ఆయన నాకు పంపే పని రెండే రంగులు, చీర ఒంటికి కుంకుమ ఎరుపు, అంచుకు మెరూన్. ఆయన ఒక్కడి పనితో కార్ఖానా నడుస్తుంది. వదులుకోవలసింది ఇక పెనుకొండ వెంకటలక్ష్మమ్మ ఒక్కతే. వచ్చి నీ కుచ్చులు తీసుకుపో అక్కా అని కార్డు రాసి వేశాను.

ఆమె గురువారం వచ్చింది.

దానికి మూడు రోజుల ముందు, సోమవారం, యల్లక్కను పనిలోంచి తీసేశాను. అద్దిన పట్టుదారం చుట్టలను, వాటిని మేం చిలపలంటాం, దండేల మీద ఆరేసి, దులిపి, మెలిపెట్టే మనిషి ఆమె. పదకొండేళ్లుగా ఉంది. పార్టీలు తగ్గాక ఆరేసే పని ఉలిగప్ప ఒక్కడే చేసుకోగలడు, కాగుల దగ్గర పని అయ్యాక. ఆ మాటే చెప్పాను. యల్లక్క ఏడవలేదు. వాదించలేదు.

"ఎరుపులు ఎవరు ఆరేస్తారు సామీ?" అని మాత్రం అడిగింది.

"ఉలిగప్ప."

ఆమె దండేల వైపు కాసేపు చూసింది. "చూసుకోండి," అంది. చెంగుకు చేతులు తుడుచుకుని నా ముందు నుంచి వెళ్లిపోయింది. ఆ మాట నాకు పొగరుగా తోచింది. సాయంత్రం దాకా మనసులో పెట్టుకున్నాను.

ఇక గురువారం.

మధ్యాహ్నం మూడు దాటింది. ఉగాదికి ఇంకా వారం పైనే ఉన్నా ఎండ ముదిరిపోయింది. కాగుల వేడి, రేకుల వేడి కలిసి కార్ఖానాలో నిలబడలేకుండా ఉంది. వెంకటలక్ష్మమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. అరవై దాటినా వంగని మనిషి. పెనుకొండలో పన్నెండు మగ్గాలు ఆడిస్తుంది. భర్త చనిపోయిన ఏడాది ఆ మగ్గాలు ఆగిపోతాయని అందరూ అనుకున్నప్పుడు మొట్టమొదట ఆమె పట్టు తీసుకున్నది మా నాయన.

"ఏమప్పా శంకరూ, కార్డు రాసినావు," అంది స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మా కోడలు చేతిలో పట్టుకొని వణికిపోయింది. యాడన్నా చావు కబురేమో అని. మూల చింపలేదు కదే, చదువు అంటే చదివింది. అయినా సగం చావు కబురే."

"అట్లనొద్దు అక్కా."

"మల్ల ఎట్లనాల?"

నీళ్లు ఇచ్చాను. తాగింది. గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని నా ముఖం చూసింది. నేను రాత్రంతా పేర్చి పెట్టుకున్న మాటలు బయటికి తీశాను. నీలం పొడి ముందున్నంత బాగా రావడం లేదని. మారప్ప పని పెరిగిందని, రెంటికీ న్యాయం చేయలేనని. నా ఒంట్లో ముందున్న శక్తి లేదని. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే బాగా వినిపించింది. నిజం చెప్పేటప్పుడు గొంతు వినిపించదు, మాటే ఉంటుంది. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం.

వెంకటలక్ష్మమ్మ అంతా విని గ్లాసు కింద పెట్టింది.

"మూడు కారణాలు చెప్పినావు. ఒకటే చెప్పింటే నమ్మేదాన్ని."

ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"సరే. పద్ధతి ప్రకారం కానీ," అంది.

మా కార్ఖానాలో పడమటి గోడకు మేకులుంటాయి. ఒక్కో పార్టీకి ఒక్కో మేకు. ఒప్పుకున్న రంగులో అద్దిన చిన్న పట్టు కుచ్చు ఆ మేకుకు వేలాడుతుంది. ఎన్నేళ్లయినా ఆ కుచ్చును చూసే రంగు కలపాలి, ఆ కుచ్చు పక్కన పెట్టే సరుకు కట్టాలి. పార్టీ, అద్దేవాడు విడిపోయే రోజు కుచ్చును వేడినీళ్లలో ముంచి, తెల్లగుడ్డలో పెట్టి పిండి, ఆ గుడ్డను పార్టీకి చూపించాలి. గుడ్డకు రంగు అంటకపోతే ఇద్దరి మధ్యా మోసం లేదని. ఆ తరువాత కుచ్చు వాళ్ల చేతిలో పెట్టాలి. నాయన తన కాలంలో రెండు కుచ్చులు తిరిగిచ్చాడు. నేను ఒక్క ఏడాదిలో మూడోది ఇవ్వబోతున్నాను.

వెంకటలక్ష్మమ్మ మేకుకు ఒకటి కాదు, రెండు కుచ్చులు కలిపి కట్టి ఉంటాయి. ఆమె నేయించేది నెమలికంఠం. పడుగు నీలం, పేక పచ్చ. రెండూ కలిసి మగ్గం దిగాక, చీరను వెలుతురులో అటూ ఇటూ తిప్పితే నెమలి మెడ తిప్పినట్టే ఉంటుంది. ఆ రెండు రంగుల్లో ఏది వాసి తప్పినా, ఒకదాని చోట ఒకటి పడినా చీర చచ్చిన రంగులో వస్తుంది.

రెండో వరస, నాలుగో మేకు. కళ్లు మూసుకుని తీయగలను. తీశాను. ఉలిగప్ప ఇత్తడి గిన్నెలో వేడినీళ్లు, ఉతికిన తెల్లగుడ్డ తెచ్చి పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరున్న మనిషి. మోచేతుల దాకా ఏ సబ్బుకూ పోని ఎరుపు. అతను గిన్నె పెట్టి వెళ్లిపోకుండా కాగు పక్కన నిలబడ్డాడు. అతను వెళ్లిపోతే బాగుండునని నాకెందుకు అనిపించిందో అప్పుడు తెలియలేదు.

కుచ్చులు ముంచాను. గుడ్డలో పెట్టి పిండాను. గుడ్డ విప్పి చూపించాను.

"అంటలేదు," అంది వెంకటలక్ష్మమ్మ. "మీ నాయన చేతి రంగు కూడా ఇట్లే. దిగేది కాదు."

కుచ్చులు ఆమె ముందుకు చాచాను. ఆమె చెయ్యి చాచలేదు.

"రెండూ తీసుకుపోతే మేకు బోసిపోతాదప్పా. ముప్పై ఏళ్లు దాటిన మేకు. నీలం నాకియ్యి, పచ్చ నీ దగ్గరే ఉండనీ. జ్ఞాపకానికి."

ఎంత మామూలుగా అడిగిందంటే, అందులో ప్రేమ తప్ప ఇంకేమీ నాకు కనిపించలేదు. ముడి విప్పడానికి తల వంచాను. ముడి విప్పాను. ఒక చేతిలో ఒకటి, ఇంకో చేతిలో ఒకటి.

రెండూ వాన వచ్చేముందు రేకుల కప్పు ఉండే రంగులో ఉన్నాయి.

వెలుతురు కోసమన్నట్టు గడప దగ్గరికి నడిచాను. భయం ఒక్కసారి రాదు. అది ముందు లెక్కలు వేస్తుంది. కట్టేటప్పుడు నీలం ఎప్పుడూ ఎడమవైపు ఉంచుతానని ఆ లెక్క నాకు చెప్పింది. ముడి విప్పేటప్పుడు ఎడమది ఎడమచేతికే వచ్చింది కదా అని చెప్పింది. బరువు చూడమంది, వాసన చూడమంది. ముక్కు దగ్గరికి తీసుకోబోయి ఆగిపోయాను, వెనక ఇద్దరు చూస్తున్నారు. అద్దడం తూకం పని. పొడి ఎంత వెయ్యాలో చేతికి తెలుసు, డబ్బాల మీద పేర్లుంటాయి. అందుకే ఇన్నాళ్లు కాగులో రంగు తప్పలేదు. ఆరినాక ఏరడం కంటి పని. ఇది కంటి పని.

వెనక్కి వచ్చి ఎడమచేతిలోని కుచ్చు ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇదేనా నీలం?"

"అదే అక్కా."

ఆమె కుచ్చును రెండు వేళ్లతో విడదీసి చూసింది. "నిజమే. నీలమే," అంది.

నా లోపల ఏదో కూర్చుంది. ఎన్నో గంటలు నిలబడ్డ మనిషి కూర్చున్నట్టు. ఆ క్షణంలో డాక్టరు తప్పు చెప్పాడేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

"ఆ చేతిలోది?" అంది ఆమె.

"పచ్చ."

"ఉలిగప్పా, ఇట్ల రాప్పా. మీ సామి చేతిలో ఉండేది ఏం రంగో చెప్పు."

ఉలిగప్ప రాలేదు. అతని కళ్లు నా చేతి మీదికి వచ్చి, వెంటనే కాగు మీదికి పోయాయి. "మంట తగ్గిపోతాండాది అమ్మా," అని పొయ్యి దగ్గరికి వంగాడు. మంట బాగానే ఉంది.

పదేళ్ల కిందట ఒక పనివాడు, కాగులోంచి తీసిన చిలపను చూసి, రంగు పలచబడిందన్నా అన్నాడు. అతన్ని అప్పటికప్పుడు బయటికి పంపేశాను. రంగు గురించి నాకు చెప్పేవాడు ధర్మవరంలో ఇంకా పుట్టలేదని అందరికీ వినపడేలా అన్నాను. అప్పటి నుంచి ఆ నాలుగు గోడల మధ్య రంగు గురించి నేను తప్ప ఎవరూ మాట్లాడలేదు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

"వాణ్ణి ఎందుకులే ఇబ్బంది పెట్టేది," అంది వెంకటలక్ష్మమ్మ. "నేనే చెప్తా. ఇందులో పచ్చ లేదప్పా. రెండూ నీలమే."

"లేదక్కా. పచ్చ..."

"దసరాకి వచ్చినాను చూడు, నువ్వు కాఫీ చెప్పేదానికి బయటికి పోయినావు. అప్పుడు మేకు మీది పచ్చ కుచ్చు విప్పుకొని, దాని చోట ఇంకో నీలం కట్టి పోయినాను. ఐదు నెలలు దాటింది. నువ్వు దినామూ ఆ గోడ ముందరే తిరుగుతాండావు. ఆ కుచ్చును పక్కన పెట్టుకొని నాకు పచ్చ ఏరినావు, కట్ట కట్టినావు, పంపినావు. ఒక్కసారి కూడా నీకు అనుమానం రాలేదు."

చేతిలోని తడి కుచ్చు నుంచి నీళ్లు మణికట్టు మీదుగా జారుతున్నాయి.

"ఎందుకు చేసినావక్కా?"

"దసరా ముందర వచ్చిన కట్టలో నీలంలో పచ్చ కలిసింది. పడుగు ఎక్కించినాక చూసినాము. రెండు చీరలు పోయినాయి. నీ చేతిలో తప్పు రావడమేందబ్బా అనుకున్నాను. మనిషికి ఏమన్నా బాధ ఉండాదేమో, పరధ్యానమేమో అనుకున్నాను. అడిగితే ఒప్పుకునే మనిషివి కాదు. అందుకని చూద్దామని."

"తరవాత ఎప్పుడూ కలవలేదు కదా," అన్నాను. మునిగిపోయేవాడు గోడను తడిమినట్టు ఆ మాట పట్టుకున్నాను. "ఐదు నెలలుగా నీకు సరైన సరుకే వచ్చింది. కళ్లు పోయినవాడు అట్ల ఏరగలడా?"

వెంకటలక్ష్మమ్మ నా వైపు జాలిగా చూసిందని రాయాలని ఉంది. అలా చూడలేదు. లెక్క తప్పిన పిల్లవాడిని చూసినట్టు ఓపిగ్గా చూసింది.

"నువ్వు కట్టిన ప్రతి కట్టలోనూ నీలం, పచ్చ కలిసే వచ్చినాయప్పా. మేము విడదీసుకుంటాండాము. చిలపకి కట్టే దారం ఉంటాది చూడు, చిక్కు పడకుండా. దానికి ముళ్లు. నీలానికి ఒక ముడి, పచ్చకి రెండు. దండెం మీద ఆరేసేటప్పుడే వేసింది. నువ్వు కట్ట కట్టినాక ముట్టుకుంటే ఊరుకోవు కదా, అందుకని ముందే వేసింది."

"ఎవరు?"

అడగనవసరం లేదు. చెంగుకు చేతులు తుడుచుకుంటూ దండేల వైపు చూస్తున్న మనిషి నా కళ్ల ముందు ఉంది.

"యల్లక్క. నేను పట్టుకొని అడిగితే చెప్పింది. సామికి చెప్పద్దు, మానం పోయిందనుకుంటాడు అనింది. కండెలు చుట్టేది చీకటి గదుల్లో, రంగు కంటే ముడినే చూసుకుంటారు, ఆ ఆడోళ్లందరికీ ఆ ముళ్లు తెలుసు. పెనుకొండలో తెలుసు, హిందూపురంలో తెలుసు. నీకే తెలీదు."

కాగులో నీళ్లు ఉడికే చప్పుడు వినిపిస్తోంది. స్టేషన్లో ఏదో గూడ్సు బండి చాలాసేపు కదులుతూ ఉంది. ఉలిగప్ప పొయ్యి ముందు అలాగే వంగి ఉన్నాడు.

అవమానంలో ఒక విచిత్రమైన సుఖం ఉంటుంది. ఎదుటివాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు దొరుకుతుంది. నాకు యల్లక్క మీద కోపం వచ్చింది. పదకొండేళ్లు నా అన్నం తిని నా వెనక ముళ్లు వేసిందని. ఆ కోపం ఎంత అబద్ధమో తెలుస్తూనే ఉంది. అయినా దాని పక్కనే చలి కాచుకున్నాను.

"నేను బతిమాలేదానికి రాలేదు శంకరూ," అంది వెంకటలక్ష్మమ్మ. "వేరే అద్దేవాళ్లు లేరనీ కాదు. ఒక మాట చెప్పిపోదామని వచ్చినాను. నాకు కనపడడంలేదు అక్కా అని నోరు తెరిచి ఒక్కసారి అను. యల్లక్కను పిలిపించుకో. చూపు ఆమెకి వదిలెయ్యి, తూకం నువ్వు పెట్టుకో. నా కుచ్చులు నీ మేకు మీదే ఉంటాయి. నేను పోను. పుల్లన్నకి నేనే చెప్తా, ఈరక్కకీ చెప్తా. వస్తారు."

అది ఎంత సులభమో ఇప్పుడు తెలుస్తోంది. నాలుగు మాటలు. గడప దాటి ఎవరికీ పోనివి. ఉలిగప్ప మాత్రం వింటాడు. ఉలిగప్ప వింటాడన్న ఒక్క ఆలోచనే నన్ను ఆపేసింది. ఇరవై రెండేళ్లుగా అతను నా కంటిని నమ్మాడని నేను నమ్ముతున్నాను. మనిషి తన గురించి తాను కట్టుకున్న ఇంట్లో ఎంత ఇరుకుగా ఉన్నా, బయట చెట్టు కింద పడుకోవడానికి ఒప్పుకోడు.

"నాకు బాగానే కనపడుతుందక్కా," అన్నాను. "వెలుతురు చాలక తడబడినాను. అయినా ఇప్పుడు నేను పెట్టుకున్నది ఎరుపులే. వాటికి ఇబ్బంది లేదు."

ఆమె చెంగు సర్దుకుంది. తరువాత లేచింది. తన చేతిలోని కుచ్చును చెంగు కొసన ముడి వేసుకుంది. నా చేతిలోది అడగలేదు.

"సరేప్పా. అయితే యల్లక్కను ఇంగ పిలిపించుకోలేవు. నిన్ననే మా ఊరికొచ్చింది. పనివ్వమనింది, ఇచ్చినాను." గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. "సోమవారం నువ్వు పొమ్మన్యాక దండేల కింద చాలాసేపు నిలబడిందంట. చెప్దామని. నువ్వు పేపరు చూస్తాంటే పోయిందంట."

ఆ రోజు నా చేతిలో పేపరు ఉన్న మాట నిజం. చదవలేదు. ఆమె వెళ్లిపోయేదాకా ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

వెంకటలక్ష్మమ్మ సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఆమె చీర రంగు ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

లోపలికి వచ్చి కుచ్చును నాలుగో మేకుకు తగిలించాను. ఒంటరిగా ఊగుతోంది. పని చూసుకోవాలనుకున్నాను. ఎరుపులున్నాయి కదా అని పైకే అనుకున్నాను. ఆమె అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి, ఏది ఎక్కువ నొప్పి పెడుతుందో వెతుకుతూ కూర్చున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. పుండు మీద పెచ్చు లేపడం. కుచ్చుల మాట. పేపరు మాట. కండెలు చుట్టే ఆడోళ్ల మాట. పెనుకొండలో తెలుసు, హిందూపురంలో తెలుసు.

హిందూపురంలో ఎందుకు తెలియాలి?

ముళ్లు నీలానికి, పచ్చకు. హిందూపురానికి నేను నీలం పంపను. పచ్చ పంపను. హిందూపురంలో నాకున్నది మారప్ప ఒక్కడు. మారప్పకు పోయేది ఎరుపులే.

మొదట ఆ ఆలోచన నా పక్కనుంచి వేరేవాళ్లకు సంబంధించినదై పోతున్నట్టు అనిపించింది. తరువాత లేచాను. గోడవార బల్ల మీద మారప్ప కట్టలు రెండు మిగిలి ఉన్నాయి, పోయిన శనివారం నేనే ఏరి కట్టినవి. రెండూ కుంకుమ ఎరుపు. చీటీ మీద నా చేత్తోనే రాసి ఉంది. పైకట్టు విప్పాను. కుంకుమ. నిండు కుంకుమ. అన్నీ ఒకటే. నా కళ్లకు ఏ సందేహమూ లేదు.

మొదటి చిలప కట్టుదారాన్ని వేళ్లతో వెతికాను. ఒక ముడి. రెండోదానికి ఒక ముడి. మూడోదానికి ఒక ముడి.

నాలుగోదానికి రెండు.

చిలపను పట్టుకుని గడప దగ్గరికి పోయాను. ఎండలో పెట్టాను. మూడోదాన్ని దాని పక్కన పెట్టాను. కుంకుమ, కుంకుమ. తల పక్కకు వంచి చూశాను. ఒక కన్ను మూసి చూశాను. కుంకుమ. లోపలికి వచ్చి మిగిలినవన్నీ తడిమాను. ఒకటి, రెండు, రెండు, ఒకటి, రెండు. మెరూన్ చిలపలు నేను కుంకుమ అని కట్టిన కట్టలో నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నాయి, యల్లక్క వేలి ముడి తప్ప ఇంకే సాక్ష్యమూ లేకుండా.

ఎరుపు ఇంకా ఉండాది అన్నాడు డాక్టరు. ఉందనే నేనూ అనుకున్నాను. ఇద్దరు పార్టీలు పోయినాక, ఆ ఒక్క మాట మీద వెంకటలక్ష్మమ్మను కూడా తెంపుకున్నాను. మిగుల్చుకున్నది కూడా అప్పటికే పోయి ఉంది. ఎవరో దారం చివర పట్టుకుని ఉన్నందువల్ల పడిపోలేదు.

ఆ మనిషిని సోమవారం పంపేశాను.

సోమవారం తరువాత కాగులు ఆగలేదు. మంగళ, బుధవారాల్లో మారప్పకు పెద్ద సరుకు అద్దాం. కుంకుమ, మెరూన్ రెండూ ఒకే దండేల మీద ఆరాయి. ఉలిగప్ప ఆరేశాడు. ఆ పొద్దున నేను ఏరాను. చకచకా ఏరాను, చేతికి అలవాటైన పని అని లోలోపల మురిసిపోతూ. అంత సరుకు ఏరడం అరగంటలో అయిపోయింది.

"ఉలిగప్పా, పొద్దున కట్టలు యాడ?"

"ఏడు గంటల బస్సుకి వేసినాను కదా సామీ. మారప్ప మనిషి హిందూపురం బస్టాండులోనే దించుకుంటానన్యాడు. ఈ పాటికి మగ్గాల మీద ఉంటాయి."

చేతి మగ్గమైతే పడుగు పట్టడానికి రోజులు పడతాయి. నేసేవాడి కన్ను దారం దారం మీద ఉంటుంది. మరమగ్గం ఆగి చూడదు. ఇరవై మగ్గాలు. ముహూర్తాల చీరలు.

దండేల కిందికి నడిచాను. నిన్నటి సరుకులో తడి ఆరలేదని వెనక్కి పెట్టిన చిలపలు నాలుగైదు ఇంకా వేలాడుతున్నాయి. కట్టుదారాలు తడిమాను. నునుపుగా ఉన్నాయి. ఒక్క ముడి లేదు.

"పొద్దున పోయిన సరుకు రంగు ఎట్లుండె?" అని అడిగాను.

ఉలిగప్ప చేతిలోని కర్రను కాగు అంచుకు ఆనించాడు. ఎరుపు చుక్కలు దాని కొసన ఆగి, ఒక్కొక్కటే లోపలికి పడ్డాయి. ఆ చుక్కలు కుంకుమ అని నాకు తెలుసు, కాగు మీద చీటీ ఉంది కాబట్టి.

"మీరే కదా సామీ బాగుండాదనింది."

"నేననింది కాదు. నీకెట్ల కనపడింది?"

ఇరవై రెండేళ్లలో నేను అతన్ని ఆ మాట అడగడం అదే మొదలు. అది అతనికీ తెలిసింది. నన్ను చూశాడు, గడప వైపు చూశాడు, గోడ మీద నాలుగో మేకును చూశాడు. అడ్డపంచె కొసకు రెండు చేతులూ నిదానంగా తుడుచుకున్నాడు. తరువాత వెంకటలక్ష్మమ్మ కూర్చుని లేచిన స్టూలు తెచ్చి నా వెనక వేశాడు.

"మీరు ముందర కూర్చోండి సామీ," అన్నాడు.